దానికంత సీను ఎందుకురా?

పోయిన వారం హాస్టల్ మెస్ బిల్లుల మీద రాసింది చదివి ఒక చెల్లి ఇన్‌బాక్స్‌లోకి వచ్చింది. పీజీ చదువుతోంది. మన పిల్లే. ఊరూ పేరూ చెప్పను.

"అన్నా, నేను వేరే పేరుతో ఒక యాప్‌లో అడల్ట్ కథలు రాస్తాను. వచ్చే డబ్బుల్లో సగం ఇంటికి పంపుతాను. పొద్దున మీటింగులో సావిత్రిబాయి గురించి మాట్లాడి, రాత్రి రూముకొచ్చి ఇవి రాస్తుంటే ఎవరినో మోసం చేస్తున్నట్టు ఉంటుంది. ఇది తప్పా?"

రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. ఇవ్వాలంటే ముందు నా సంగతి చెప్పుకోవాలి. మా ఇంట్లో ఆమెకి తప్ప ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఉద్యమంలో ఉన్న మిత్రులకి కూడా ఇవాళే తెలుస్తుంది.

నేను బూతు పుస్తకాలు రాశాను. ఒకటి కాదు, పదకొండు.

1997 ఎండాకాలం. విజయవాడలో డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. సెలవులని హాస్టల్ మూసేశారు. ఊరికి పోదామంటే మిరప కోతలు అయిపోయాయి, పనుల్లేవు. ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. పగలంతా శుభలేఖలు, కరపత్రాలు, టెన్త్ గైడ్లు. సాయంత్రం షట్టరు సగం దించాక వేరే పని మొదలయ్యేది. చిన్న సైజు, 64 పేజీలు, రంగు అట్ట. పిన్ను కొట్టి, కవర్లో పెట్టి బస్టాండు బంకులకి పంపేవాళ్లు. రాసే ఆయన ఒకరోజు రాలేదు. ఓనరు నా వైపు చూసి "నీ తెలుగు బాగుంటుంది కదరా, నువ్వు రాయి" అన్నాడు.

ప్రూఫులకి నెలకి 450. పుస్తకం రాస్తే 300. నాలుగు రాత్రుల పని. నేను రెండో ఆలోచన చేయలేదు.

ఇలాంటివి రాసేవాడు ఏదో మత్తులో తేలుతూ రాస్తాడని చదివేవాళ్లు అనుకుంటారు. అదేం ఉండదు. అది బీడీలు చుట్టే పని లాంటిది. ఎన్ని పేజీలయ్యాయి, ఇంకెన్ని కావాలి, అంతే లెక్క. మూడో పుస్తకానికే మాటలు అయిపోతాయి. ఒళ్లు గురించి తెలుగులో ఉన్న మాటలు రెండే రకాలు. ఒకటి కావ్యాల్లోది, చదివేవాడికి అర్థం కాదు. ఇంకోటి తిట్టు. మధ్యలో ఏమీ లేదు. మనుషులు ఒకరినొకరు ఇష్టపడి దగ్గరైనప్పుడు వాడుకునే మామూలు మాట కోసం నేను ఎన్ని రాత్రులు వెతికానో. దొరక్క చివరికి తిట్టే రాసేవాడిని.

పేరు కూడా నాది కాదు. అట్ట మీద ఎప్పుడూ ఆడపేరే ఉండేది. ఆ పేరుతో నాతో పాటు ఇంకో ఇద్దరు రాసేవాళ్లు. వాళ్ల మొహాలు నేను చూడలేదు. పేరు ఓనరుది. పాత పుస్తకానికే అట్ట మార్చి మళ్లీ వేసేవాడు, దానికి పైసా ఇచ్చేవాడు కాదు. అడగడానికి మాకు నోరేది? ఏమని అడుగుతాం, ఎవరి ముందు అడుగుతాం?

తర్వాత ఎప్పుడో అనాయిస్ నిన్ గురించి చదివినప్పుడు నవ్వొచ్చింది. 1940ల్లో న్యూయార్కులో ఒక డబ్బున్న మనిషి కోసం పేజీకి ఒక డాలరు చొప్పున ఆమె ఇలాంటి కథలే రాసింది. కవిత్వం తీసేయి, అసలు పని మాత్రమే రాయి అని ఆయన కబురు పెట్టేవాడట. మా ఓనరూ అదే అనేవాడు. అవి 'డెల్టా ఆఫ్ వీనస్' పేరుతో పుస్తకంగా వచ్చేసరికి 1977. ఆ ఏడాది మొదట్లోనే ఆమె చనిపోయింది. తేడా ఏమిటంటే ఆమె పేరు మీద సాహిత్యం మిగిలింది. మాది తుక్కు కాగితాల కింద పోయింది. పోవడమే మంచిదైంది. ఎందుకో చెప్తాను.

ఆ పుస్తకాల్లో మనుషులు ఎప్పుడూ వాళ్లే. వదిన, పక్కింటి ఆంటీ, ట్యూషన్ టీచరు, పనిమనిషి, కూలికి వచ్చే ఆడమనిషి. ఆంటీకి ఇల్లుంటుంది, ఊళ్లో లేని మొగుడు ఉంటాడు, భయం ఉంటుంది. ఆమె ఒప్పుకోవడానికి పది పేజీలు పడుతుంది. పనిమనిషికి అర పేజీ. ఒకసారి నేను కూలికొచ్చిన ఆమెకి కూడా నాలుగైదు పేజీల కథ రాశాను. ఇంటి దగ్గర పిల్లాడు, జ్వరం, వాడి మీదే ధ్యాస. ఓనరు చదివి ఎర్ర పెన్నుతో కొట్టేసి "దానికంత సీను ఎందుకురా? కూలిదే కదా" అన్నాడు.

నేను దిద్దాను. అర పేజీకి కుదించాను. ఇక్కడ ఓనరు మీద నేరం మోపి తప్పించుకోవడానికి లేదు. దిద్దిన చెయ్యి నాది.

ఆమెకి లచ్చి అని పేరు పెట్టాను. మిరప చేలో పెట్టాను. కొంగు ఒడి కట్టుకుని కాయలు కోస్తుంటే ఆసామి కొడుకు వస్తాడు. ఆమె నవ్వుతుంది. అంతే, ఇంకేమీ అడగదు. మిరప చేలో కాయలు కోసే ఆడమనిషిని నేను దగ్గరగా చూసింది ఒక్కరినే. మా అమ్మని. సాయంత్రం ఇంటికొస్తే ఆమె చేతులు మండిపోయేవి. మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది. నన్ను ముట్టుకోవాలన్నా భయపడేది, నా కళ్లకి తగులుతుందని. నా కథలో లచ్చి చేతులు మండలేదు.

జూలైలో హాస్టల్ తెరిచారు. ఆ పుస్తకం మా హాస్టల్‌కే వచ్చింది. సాంఘిక సంక్షేమ హాస్టల్ అది. అందరం వాడల్లోంచి వచ్చిన వాళ్లమే. రాత్రి ఒకడు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి నవ్వుతున్నారు. రాసింది నేనని ఎవరికీ తెలియదు. నేనూ నవ్వాను. ఇంటర్ పిల్లాడొకడు మాత్రం మధ్యలో లేచి బయటికి పోయాడు. మర్నాడు కుళాయి దగ్గర పళ్లు తోముకుంటూ అన్నాడు: "మా అక్క కూడా మిరప కోతకే పోయిద్దన్నా."

నేను ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా రెండు పుస్తకాలు రాశాను. డబ్బులు కావాలి మరి. నేను వెంటనే మారిపోయానని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది.

ఇన్నేళ్లకి నాకు అర్థమైంది ఇది. ఆ పుస్తకంలో తప్పు శృంగారం కాదు. లచ్చి నవ్వు. ఊళ్లో ఆసామి కొడుకు చేలోకి వస్తే కాదన్న మనిషికి రేపు పని ఉండదు. కూలి ఆగిపోతుంది, అప్పు అడుగుతారు, మొగుణ్ణి కొడతారు. ఈ సంగతులన్నీ తీసేసి ఆ మొహం మీద నవ్వు అతికించాను. వందల ఏళ్లుగా మన ఆడవాళ్ల మీద వేసిన నింద ఒకటే, 'వాళ్లకి అలవాటే' అని. దాన్ని నేను 300 రూపాయలకి అచ్చేసిచ్చాను.

అయితే సభ్యత పేరుతో ఈ రాతలన్నింటినీ తగలబెట్టాలా? అక్కడ నేను ఆగుతాను. ఎందుకంటే ఏది శృంగారం, ఏది బూతు అని తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందో మనం చూశాం.

18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. ఆడమనిషి కోరికని ఆడమనిషే రాసింది. కందుకూరి వీరేశలింగం ఆమె పుట్టుకని, వృత్తిని ఎత్తిచూపి తీసిపారేశారు. ఆయన మెచ్చిన మగకవుల కావ్యాల్లో వర్ణనలు తక్కువేమీ కాదు. ఆ మాట ముఖం మీదే అడిగింది బెంగళూరు నాగరత్నమ్మ. ఆమెదీ దేవదాసీ కుటుంబమే. 1910లో వావిళ్ల వాళ్లతో పూర్తి పాఠం వేయించింది. మరుసటి ఏడాది పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. 1947 దాకా నిషేధం. ప్రబంధాలు మాత్రం కాలేజీల్లో పాఠాలయ్యాయి.

ఇంకొంచెం కిందికి దిగి చూడండి. ఆస్థానంలో ఉన్న ముద్దుపళనికి అక్షరం అందింది. మన మాల, మాదిగ వాడల్లోంచి జోగినులుగా మార్చిన ఆడపిల్లలకి అదీ అందలేదు. దాన్ని నేరమని చట్టం చేయడానికి 1988 దాకా పట్టింది. వాళ్ల ఒళ్లు ఊరందరిదీ అయింది గానీ, వాళ్ల కోరిక ఏమిటని అడిగిన కావ్యం ఒక్కటి చూపించండి.

చట్టం కూడా చూడండి. పాత ఐపీసీ 292, ఇప్పటి బీఎన్‌ఎస్ 294. అశ్లీలం అమ్మితే మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. ఆన్‌లైన్‌లో అయితే ఐటీ చట్టం 67, మూడేళ్ల దాకా. ఆ 294లోనే గుడి గోడల మీద చెక్కిన బొమ్మలకి మినహాయింపు ఉంది. బంకు దగ్గర అమ్మేవాడికి లేదు.

'బాబాసాహెబ్ బిడ్డలం, మనకెందుకీ మాటలు' అనేవాళ్లకి ఒక సంగతి. బొంబాయిలో ఆర్.డి. కర్వే 'సమాజ స్వాస్థ్య' అని మరాఠీ పత్రిక నడిపేవాడు. లైంగిక విషయాల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకి దాచకుండా జవాబులు ఇచ్చినందుకు అశ్లీలమని కేసు పెట్టారు. 1934లో ఆయన తరఫున కోర్టులో నిలబడి వాదించింది ఎవరనుకున్నారు? డాక్టర్ అంబేడ్కర్. కేసు ఓడిపోయారు, కర్వేకి 200 రూపాయల జరిమానా పడింది. అయినా లైంగిక విషయం రాసినంత మాత్రాన అది అశ్లీలం కాదన్న మాట ఆయన కోర్టులో నిలబడి చెప్పారు. మన మీటింగుల్లో ఈ కేసు గురించి నేను ఒక్కసారి కూడా వినలేదు.

మనవాళ్ల నుంచి వచ్చే దెబ్బ ఇంకోటి ఉంది. సంతాల్ రచయిత హాన్స్‌దా సౌవేంద్ర శేఖర్ ఒక కథ రాశాడు. ఆకలితో ఉన్న సంతాల్ అమ్మాయి, రైల్వే పోలీసు, తినడానికి ఇంత, చేతిలో 50 రూపాయలు. మన ఆడవాళ్ల పరువు తీశాడని సొంత వాళ్లే గొడవ చేశారు. 2017 ఆగస్టులో జార్ఖండ్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి, ప్రభుత్వ డాక్టరైన ఆయన్ని సస్పెండ్ చేసింది. ఆ ఏడాది చివరికి నిషేధం ఎత్తేశారు. ఆయన కథలో ఆ అమ్మాయి ఎందుకు వెళ్లిందో ఉంది. పోలీసు ఎవరో ఉంది. ఎంత ఇచ్చాడో ఉంది. నా లచ్చి కథలో దాచినవన్నీ అందులో ఉన్నాయి. ఆయన ఉద్యోగానికి ఎసరొచ్చింది. నా పుస్తకం మాత్రం దర్జాగా బస్టాండులో అమ్ముడుపోయింది.

ఇక చెల్లీ, నీ ప్రశ్న.

రాయడం తప్పు కాదు. అది పని. కూలి గిట్టే పని అయితే ఇంకా మంచిది. ఎన్ని రీడ్స్‌కి ఎంత ఇస్తున్నారో, కథ మీద హక్కు ఎవరిదో ఒప్పందం చదువుకో. చట్టం సంగతి పైన చెప్పాను, మరిచిపోకు. నీ పేరు బయటపడితే పెట్టినవాడి కంటే ముందు నీ మీద పడేది మనవాళ్లే కావచ్చు. అలా పడితే నీ పక్కన నిలబడతానని ఇక్కడే రాస్తున్నాను.

ఒక్కటే అడుగుతాను. నీ కథల్లోకి పనిమనిషి వస్తే, కూలిదో పాకీ పని చేసే ఆమో వస్తే, అర పేజీలో ఒప్పించకు. ఆమెకీ ఇల్లు ఇవ్వు, మొగుడో, లేకపోతే తనకి నచ్చినవాడో ఉండనీ. కాదనడానికి ఆమెకి చోటు ఉంచు. అవునంటే ఆ అవును ఆమెదే కావాలి. మన ఆడవాళ్లు కోరుకోవడం, కోరినవాడి కోసం ఎదురుచూడటం, వద్దని తలుపేయడం, వీటిలో ఏదీ నేను రాసిన పదకొండు పుస్తకాల్లో లేదు. నువ్వు రాయి. నేను వెతికి దొరక్క వదిలేసిన ఆ మామూలు మాట నీకు దొరుకుతుందేమో.

అమ్మ చనిపోయి ఆరేళ్లయింది. ఆమెకి చదువు రాదు. నేను ప్రెస్సులో పని చేస్తున్నానని ఊళ్లో అందరికీ గొప్పగా చెప్పుకునేది. ఆ ఎండాకాలం నేను పంపిన 300లతో మా ఇంటి మీద రేకులు వేయించింది.

ఆ ఇంటర్ పిల్లాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఇది వాడి కంట పడితే, తమ్ముడూ, ఆ పుస్తకం రాసింది నేనే.

జై భీమ్.