మంత్రం నిజమైనా సరే, పళ్ళు పీకరాదు

బాణామతి లేదు; చేతబడి లేదు; కనుక మంత్రగాడని అనుమానించి మనిషి పళ్ళు పీకడం అన్యాయం. ఈ వాదన మనకు కంఠతా వచ్చు. హేతువాదులు సభల్లో చెప్పారు, పత్రికలు సంపాదకీయాలు వ్రాశాయి, పోలీసులు కళాజాతాలు పెట్టి పల్లెపల్లెకూ చెప్పించారు. ఇందులో మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. చివరి మాటతో అసలే లేదు. నా పేచీ అంతా నడుమ కూర్చున్న ఆ "కనుక"తోనే.

ఆ "కనుక" అక్కడ ఉన్నంతకాలం మనం ఒప్పుకుంటున్నదేమిటి? బాణామతి నిజంగా ఉండి ఉంటే పటకారు పట్టుకోవడం సబబేనని! మంత్రం అబద్ధమన్న మన మాట నమ్మేవాడు ఎలాగూ పటకారు జోలికి పోడు. పోయేది నమ్మనివాడే. వాడితో మాట్లాడవలసిన చోట మనం మనలో మనమే మాట్లాడుకుంటున్నాము. వాడికి చెప్పవలసిన మాట వేరే ఉంది: "నీవు నమ్మినట్లే మంత్రం ఉందనుకుందాం. అయినా నీవు చేసినది తప్పే." ఈ మాట నిలబడుతుందా అన్నదే ఈ టపాలో నా విచారణ. నిలబడుతుందనే నా వాదం.

ముందు ఆ ఆచారం సంగతి. పాత మెదక్, నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల పల్లెల నుండి దశాబ్దాలపాటు ఇటువంటి వార్తలు వస్తూనే ఉన్నాయి. ఒక ఇంట బిడ్డకు జ్వరం తగ్గదు, ఒక ఇంట పాడిగొడ్డు చస్తుంది, ఇంకొక ఇంట కోడలికి ఊరకే మూర్ఛలు వస్తాయి. ఎవరో ఒక పేరు చెబుతారు. ఆ పేరు గలవారు చాలాసార్లు ముసలివారో, ఒంటరి ఆడవారో, వెనుక నలుగురు లేనివారో అయి ఉంటారు. చెట్టుకో స్తంభానికో కట్టి, ఊరు చూస్తుండగా ముందరి పళ్ళు ఊడబెరుకుతారు.

పళ్ళే ఎందుకు? ఇది కేవలం ఆవేశంలో చేసిన పని కాదు. దాని వెనుక ఒక శాస్త్రం ఉంది. మంత్రం పారాలంటే ఉచ్చారణ తప్పరాదు. ముందరి పళ్ళు లేని నోట త, థ, ద, ధ, న సరిగా పలకవు. దంత్యాలు పోతే మంత్రం పోయినట్లే. తొస్సినోటి మంత్రం పారదని వారి లెక్క. దీన్ని చూసి పల్లెటూరి మూఢత్వమని నవ్వేవారు ఒక్క క్షణం ఆగాలి. "ఇంద్రశత్రు" అన్న మాటలో స్వరం తప్పినందుకు త్వష్ట చేసిన క్రతువు తిరగబడి, ఇంద్రుని చంపవలసిన వృత్రుడే ఇంద్రుని చేత చచ్చాడన్న కథను శిక్షాశాస్త్రం చదివినవారు నేటికీ ఉదాహరిస్తారు. నమ్మకం ఒకటే. ఒకచోట అది వ్యాకరణ పాఠం, ఇంకొకచోట పటకారు.

ఈ శిక్షలో ఒక "దయ" కూడా ఉందని గమనించాలి. మనిషిని చంపలేదు, శక్తిని మాత్రమే తీసివేశాము. ఇక అతడు మాలాగే బ్రతుకుతాడు. ఈ తర్కం పల్లెలో పుట్టినది కాదు. కల్పనా సాహిత్యమంతా దానిపైనే నడుస్తున్నది.

ఆ సాహిత్యంలో మా జిల్లాకు పెద్ద వాటాయే ఉంది. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947లో "చందమామ"ను, విజయా వారి పేర 1951లో "పాతాళభైరవి"ని తెలుగువారికి ఇచ్చారు. మాంత్రికుడంటే తెలుగు పిల్లల కంటికి కనబడే రూపం ఆ రెంటి నుంచే వచ్చింది. అయితే "పాతాళభైరవి"లో నేపాళ మాంత్రికుని బలమంతా ఒక బొమ్మలో ఉంది. తోటరాముడు గెలవాలంటే ఆ బొమ్మ చేజిక్కించుకోవాలి. బొమ్మ వస్తువు. చేతులు మారుతుంది, అవసరమైతే తిరిగి ఇవ్వవచ్చు. వస్తువును తీసుకోవడం వేరు, ఒంటిలోని భాగాన్ని తీసుకోవడం వేరు. ఈ భేదాన్ని మన కథలు ఏనాడో గుర్తించాయి.

భారతాన్నే చూడండి. శక్తిని హరించిన సందర్భాలు అందులో కనీసం మూడున్నాయి, మూడూ ఒకటి కావు.

అశ్వత్థామ నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపాడు. ఉత్తర గర్భం మీదికి అస్త్రం వదిలాడు. చేసినది దాచలేదు, కాదనలేదు. అటువంటివాని నుండి శిరోమణిని తీసుకున్నారు. పోతన భాగవతంలోనైతే కన్నకొడుకులను పోగొట్టుకున్న ద్రౌపదే గురుపుత్రుణ్ణి చంపవద్దని వేడుకొంటుంది. ఇక్కడ నేరం ఉంది, నేరస్థుడు తెలిసినవాడు, విచారణ వంటిదొకటి జరిగింది, చంపవచ్చునన్నంత కోపం నుండి వెనక్కి తగ్గారు. దీనిని దయ అంటే ఒప్పుకుంటాను.

కర్ణుని కవచకుండలాలు రెండవది. అతడింకా ఏ నేరమూ చేయలేదు. చేయగలడన్న భయంతో, తన కొడుకు క్షేమం కోసం, ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడిగాడు. అడిగాడు గాని లాక్కోలేదు. మారుగా శక్త్యాయుధాన్ని ఇచ్చాడు కూడా. అయినా లోకం ఇంద్రుణ్ణి మెచ్చుకోలేదు.

మూడవది ఏకలవ్యుని బొటనవ్రేలు. అతడు చేసినదల్లా మొరిగే కుక్క నోటిని బాణాలతో మూయడం. ఆ విద్య ఎవరికో ఎప్పుడో ప్రమాదం కావచ్చునని, గురుదక్షిణ పేర, ఒంటిలోని భాగాన్నే తీసుకున్నారు. ద్రోణుని సమర్థించడానికి ఎందరో పండితులు ఎన్నో వ్యాఖ్యానాలు చేశారు. తెలుగుదేశంలో ఏ రచ్చబండ దగ్గరైనా ఆ కథ చెప్పి చూడండి, తీర్పు ఒకటే వస్తుంది. ఇక్కడ గమనించవలసినది ఏకలవ్యుని శక్తి కల్పితం కాదన్న సంగతి. అది నిజమైన శక్తి, అర్జునునికి నిజంగానే పోటీ. శక్తి నిజమైనందువల్ల వ్రేలు కోయడం న్యాయమైపోలేదు! నా వాదానికి ఈ ఒక్క కథ చాలు.

పళ్ళు రాలగొట్టిన కథ కూడా మనకుంది. దక్షయజ్ఞంలో వీరభద్రుడు పూషుని పళ్ళు రాల్చాడు, శివుని నిందిస్తుంటే పళ్ళు బయటపెట్టి నవ్వినందుకు. కాని కథ అక్కడితో ఆగలేదు. శివుడు శాంతించిన తరువాత, పూషుడు యజమానుని పళ్ళతో తింటాడనీ పిండి ఆహారంగా ఉంటుందనీ ఏర్పాటు చేయవలసి వచ్చింది. పళ్ళు పోయినవాడు రేపు ఏం తింటాడన్న ప్రశ్న ఆ కథకునికి తోచింది. పటకారు పట్టినవారికి తోచదు.

బయటి ప్రపంచంలోనూ ఇదే తగవు. "అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్" అనే అమెరికా ధారావాహిక 2008లో ముగిసింది. అందులో ఆంగ్ అనే బాలుడు, లోకాన్ని తగలబెడుతున్న రాజును చంపకుండా అతని అగ్నివిద్యను మాత్రమే తీసివేస్తాడు. అహింసకు ఉదాహరణగా దానిని మెచ్చుకున్నవారు చాలామంది. అది అశ్వత్థామ పద్ధతి. రాజు చేస్తున్న ఘోరం అందరి కళ్ళ ముందూ ఉంది. రాబర్ట్ జోర్డన్ 1990లో మొదలుపెట్టిన "ది వీల్ ఆఫ్ టైమ్"లో పద్ధతి వేరు. మంత్రశక్తి గల మగవారు ఏనాటికైనా పిచ్చివారవుతారని, ముందే పట్టుకుని వారిలోని శక్తిని తెగగొడతారు. అలా తెగగొట్టబడినవారిలో చాలామంది బ్రతుకు మీద ఆశ చచ్చి త్వరలోనే పోతారని కూడా రచయిత దాచకుండా వ్రాశాడు. ఇక రౌలింగ్ కథలో హాగ్రిడ్‌ను బడి నుంచి వెళ్ళగొట్టి మంత్రదండాన్ని విరిచేశారు. 1998లో వచ్చిన రెండవ పుస్తకంలో తెలుస్తుంది, ఆ నేరం అతనిది కాదని, చేసినవాడే అతని మీద చెప్పాడని. నిర్దోషి అని తేలినా పోయిన చదువు తిరిగి రాలేదు.

"అయితే నిజంగా ఒక మంత్రంతో ఊరంతటినీ చంపగలవాడు ఉంటే చేతులు ముడుచుకు కూర్చోమంటారా?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. జవాబు మా ఊరి నుంచే చెబుతాను.

మాది ఎర్రగుంట్ల నుంచి వేంపల్లెకు పోయే దారిలో వీరపునాయునిపల్లె. ఒకవంక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మరొకవంక పులివెందుల. ప్రమాదకరమైన శక్తి అంటే ఏమిటో మాకెవరూ మాయల ఫకీరు కథ చెప్పి తెలుపనక్కరలేదు. ముఠాకక్షల కాలంలో నాటుబాంబుల మోత విన్న సీమ ఇది. ఇక్కడ మనుషులకు ఉన్న శక్తి మంత్రం కంటె నిజమైనది, దానివల్ల చచ్చినవారు కల్పితం కారు. మరి దానిని ఏం చేస్తారు? ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో జమ చేయమంటారు. రశీదు ఇస్తారు. ఎన్నికలు అయ్యాక తిరిగి ఇస్తారు. కొట్లాటకు దిగుతారన్న అనుమానం ఉన్నవారిని తహసీల్దారు ఎదుట బైండోవరు చేస్తారు. ఏ సమాచారం మీద పూచీ అడుగుతున్నారో వ్రాతమూలకంగా చెప్పాలి. ఎదుటివాడు కాదని వాదించుకోవచ్చు. శాంతిభంగం కేసులో ఆ పూచీకి గడువు ఏడాదికి మించరాదు.

ఈ పద్ధతిలో లోపాలు లేవని నేననను. పలుకుబడి ఉన్నవాడు తప్పించుకుంటాడు, లేనివాడు సంతకం పెడతాడు. కాని ఆ పద్ధతి వెనుక ఉన్న బుద్ధి గొప్పది. తీసుకునేది వస్తువు, లేదా పూచీ. ఒంటిలోని భాగం కాదు. తీసుకునేవాడు కక్షిదారు కాదు. కారణం చెప్పాలి. గడువు ఉండాలి. తిరిగి ఇవ్వగలిగి ఉండాలి. బాంబుల సీమలో నిజమైన ప్రమాదానికే ఇన్ని హద్దులు అవసరమైనప్పుడు, మంత్రానికి మాత్రం అక్కరలేదని ఎలా అంటాము? పీకిన పంటికి రశీదు ఉండదు. పొరపాటని తేలితే తిరిగి పెట్టలేరు.

కథకూ ఊరికీ ఉన్న అసలు తేడా ఇంకొకటుంది. కథలో మనం గుహలోకి తొంగి చూస్తాము. మాంత్రికుడు హోమం ముందు కూర్చుని ఎవరిని బలి ఇవ్వాలని చూస్తున్నాడో రచయిత మనకు చూపుతాడు. దోషం ముందే రుజువైపోయింది. మిగిలినది శిక్ష మాత్రమే. ఊళ్ళో గుహలేదు, రచయితా లేడు. కనబడేది జ్వరంతో కాగిపోతున్న బిడ్డ ఒక్కటే. అక్కడి నుంచి పక్కింటి ముసలమ్మ దాకా ఉన్న దూరమంతా భయం పూడ్చినదే, ఒక్కొక్కసారి పొలం గట్టు తగాదా పూడ్చినది. పైగా ఈ పరీక్షలో నిందితునికి గెలుపు లేదు. పళ్ళు పీకాక బిడ్డకు నయమైతే మంత్రగాడని రుజువైనట్లు. నయం కాకపోతే పళ్ళు పీకడం చాలలేదన్నట్లు. ఆ తరువాతి మెట్టు ఏమిటో వేరే చెప్పాలా? 2022 జనవరిలో జగిత్యాల టి.ఆర్. నగర్‌లో మంత్రాల నెపం మీద ఒక తండ్రినీ అతని ఇద్దరు కొడుకులనూ కులసంఘం సమావేశంలోనే చంపివేశారు. శక్తిని మాత్రమే తీస్తామన్న దయ ప్రాణం దగ్గర ఆగుతుందన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు.

ఈ విషయంలో చట్టం మనకంటె స్పష్టంగా మాట్లాడింది. 1860 నాటి శిక్షాస్మృతి 320వ సెక్షనులో తీవ్రగాయాల జాబితా ఉంది. ఎముక విరగడంతోపాటు పన్ను విరగడం, కదలడం కూడా అందులో చేర్చారు. 2024 జూలై నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షనులోనూ ఆ మాట ఉంది. ఆ నోటికి మంత్రం వచ్చా రాదా అని ఆ సెక్షను అడగదు. పన్ను మనిషిది, అంతే. నేను మన వాదానికి కోరుతున్న నిబ్బరం అదే.

గోరా 1940లో ముదునూరులో స్థాపించి, తరువాత విజయవాడకు తరలించిన నాస్తిక కేంద్రం వారు బాణామతి గుట్టు విప్పడానికి పల్లెలకు వెళ్ళి చేసిన కృషిని నేను తక్కువ చేయడం లేదు. జబ్బుకు కారణం వైద్యుడు చెప్పాలి, గారడీ గుట్టు గారడీవాడే విప్పాలి. ఆ పని జరగవలసిందే. కాని ఒక ఊరి నమ్మకం మారడానికి ఒక తరం పడుతుంది. చెట్టుకు కట్టిన మనిషికి అంత వ్యవధి లేదు. ఆ పూట అక్కడ నిలబడినవాడు మంత్రాన్ని నమ్ముతూనే "విప్పండి" అనగలగాలి. ఆ మాట అనడానికి అతనికి కావలసిన కారణం మనం ఇంతవరకు ఇవ్వలేదు. "మంత్రం లేదు" అన్నది అతడు అనలేడు. "ఏకలవ్యునికి జరిగినది వీడికి చేయవద్దు" అని అనగలడు.

కథలు వ్రాసే మిత్రులకు ఒక మనవి. మాంత్రికులను వ్రాయండి, వారి శక్తిని హరించండి, నాకు అభ్యంతరం లేదు. అయితే హరించాలని ఎవరు నిర్ణయించారో, అతని మాట ఎవరు విన్నారో, మరునాడు పొద్దున అతడు ఏం తిని ఎలా బ్రతికాడో కూడా వ్రాయండి. పూషునికి పిండి ఏర్పాటు చేసిన పురాణకథకుని కంటె మనం వెనుకబడి ఉండరాదు.