ఎర్రమన్నును ఏలుబడియు

మన పాఠశాల పిల్లలకు ఎన్నూరు రేవు క్రొత్తది కాదు. పలువురి తండ్రులకు అన్నము పెట్టునది అదియే. అయినను, 2001 లో ప్రారంభమైన ఆ రేవులో ఇనుప ఖనిజము ఎగుమతి చేయుటకై ఏడాదికి 60 లక్షల టన్నుల శక్తిగల బెర్తు నొకదానిని కట్టిరనియు, ఖనిజము రాక అది యేండ్ల తరబడి ఖాళీగా నుండెననియు ఎరిగినవారు కొలదిమందియే. దానికి కారణము బళ్లారి కొండలలో నున్నది.

బళ్లారి మనకు పరాయిది కాదు. 1953 వరకు అది మదరాసు రాష్ట్రములోని జిల్లా. ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు దక్కెను. బళ్లారి పట్టణము మైసూరునకు పోయెను. భాషనుబట్టి గీచిన ఆ గీత ఇనుప రాతికి తెలియదు. పిమ్మట గనులవారు ఆ యెల్లనే చెరిపివేసిరన్న అభియోగము న్యాయస్థానముల కెక్కెను.

మేము అనంతపురమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో రాయదుర్గపు దారిని పోవుచుండెడివారము. చెట్ల ఆకులన్నియు ఎర్రదుమ్ము పట్టి యుండెడివి. లారీల వరుస తెగెడిది కాదు. చైనా కొనుగోళ్ల వలన టన్ను ధర వేల రూపాయలకు ఎగబ్రాకినది. 2009 వరకు ప్రభుత్వమునకు ముట్టిన రాయల్టీయో, టన్నుకు 30 రూపాయలైనను లేదు! అస్థిరతకు విత్తనము ఇచ్చటనే పడినదని మా అభిప్రాయము. ఖజానాకు రావలసినది కొందరి సంచులలో చేరినపుడు, ఆ సంచులే శాసనసభను కూడ తూచును.

అట్లే జరిగెను. 2008 లో గనుల యజమానులు కర్ణాటక మంత్రులైరి. 2009 లో అలిగి, శాసనసభ్యులను హైదరాబాదు హోటళ్లకు తరలించి, ముఖ్యమంత్రి యడ్యూరప్పను గడగడలాడించిరి. 2010 లో ఆ ప్రభుత్వమే ఖనిజపు ఎగుమతిని నిషేధించెను. 2011 జూలైలో లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక ఖజానాకు 16,085 కోట్ల రూపాయల నష్టము లెక్కగట్టగా యడ్యూరప్ప గద్దె దిగెను. (2016 లో న్యాయస్థానము ఆయనను నిర్దోషిగా విడిచెను.) సుప్రీంకోర్టు బళ్లారిలో త్రవ్వకములనే ఆపివేసెను. ఆ శాసనసభ అయిదేండ్లలో ముగ్గురు ముఖ్యమంత్రులను చూచెను. కూలీలును లారీలు తోలువారును పని కోల్పోయిరి. ఇచ్చట మన బెర్తు ఖాళీ.

గనులే శాపమనువారు కలరు. మేమంగీకరింపము. 1960 లో కాంగో స్వతంత్రమైన రెండు వారములలోపుననే రాగిగనుల కటంగా విడిపోయెను, నిజమే. కాని 1966 లో స్వతంత్రమైన బోట్స్వానాకు మరుసటి యేడు వజ్రములు దొరకగా, ఆ రాబడిలో పెద్దపాలు ప్రభుత్వమే పుచ్చుకొని బడులకును రోడ్లకును వెచ్చించెను. అచ్చట సైనిక తిరుగుబాటన్నది లేదు. మన దేశమున 2015 లో చట్టమును సవరించి జిల్లా ఖనిజ నిధులు నెలకొల్పిరి. ఆలస్యమైనను మేలే. అయితే ఆ నిధి లెక్క కలెక్టరు కార్యాలయమున గాక గనియున్న ఊరి గ్రామసభలో చదువవలెనని మా కోరిక.

ఆ బెర్తు తరువాత బొగ్గునకు మారినది. ఒడిషాలోని తాల్చేరు గనుల బొగ్గు పారాదీపు మీదుగా ఎన్నూరు చేరుచున్నది. మన దీపము వెలుగునది దానితోనే, మన మిద్దెలపై పడు బూడిదయు దానిదే. వచ్చు మాసమున పదవ తరగతివారిని రేవునకు తోడ్కొని పోవుదుము. పిమ్మట తాల్చేరు బడి పిల్లలకు వారిచేత ఒక జాబు వ్రాయింపదలచితిమి: మీ తరగతిలో బల్లలున్నవా, త్రాగునీరున్నదా అని. ఏ భాషలో వ్రాయవలెనో ఇంకను తేలలేదు.