కట్ట కింద కోడలు, వంశావళిలో కొడుకు

అనంతపురం హండె పాళెగాళ్ల చరిత్ర ఎప్పుడు చదివినా నాకు ఆస్తి దస్తావేజు చదివినట్టే ఉంటుంది. విజయనగర రాజుల దగ్గర చేసిన సేవకు హనుమప్పనాయుడు ఈ సీమను పొందింది మొదలు తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. టిప్పు సుల్తాన్ ఈ వంశంలో మగవాళ్లందర్నీ ఉరితీయించాడనీ, శ్రీరంగపట్నం చెర నుంచి సిద్దప్ప ఒక్కడే తప్పించుకున్నాడనీ జిల్లా చరిత్రలు చెబుతాయి. మరి ఆడవాళ్లేమయ్యారు? వాక్యం అక్కడికి రాకుండానే ఆగిపోతుంది. సిద్దప్ప దొరికాడు, వంశం నిలిచింది, చరిత్రకారుడి పని అయిపోయింది.

ఊరి పేరు సంగతి ఇంకా విడ్డూరం. వాన ముఖం చాటేసే ఈ మెట్టసీమలో చెరువు కట్టినవాడిదే రాజ్యం. పద్నాలుగో శతాబ్దంలో మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు ఇక్కడ బుక్కరాయసముద్రం, అనంతసాగరం వెలయించాడు. అనంత అనేది బుక్కరాయల రాణి పేరని ఒక వాదం. ఆ పేరుతో రాణి లేదు కాబట్టి అది అనంతరస చిక్క ఒడయరు పేరేనని ఇంకో వాదం. రెండోదే నిజం కావచ్చు, దానితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా ఆ ‘కాబట్టి’తోనే. శాసనాలు వేయించే అధికారం ఎవరిదో, వాటిలోకి ఏ ఆడవాళ్ల పేర్లు ఎక్కనిచ్చారో అడక్కుండా, పేరు దొరకలేదు గనక మనిషే లేదని తేల్చేయడం ఎంత సులువు!

ఇదే చెరువు కట్ట మీద మాత్రం ఒక స్త్రీ పేరు చెక్కుచెదరకుండా నిలిచింది. ముసలమ్మ. రాణి కాదు, బుక్కరాయసముద్రం బసిరెడ్డి చిన్న కోడలు. కట్ట తెగబోతుంటే ఆమెను బలి ఇస్తేనే నిలుస్తుందని దైవం పలికిందట. ఆమె గండిలోకి నడిచిందట. సి.పి. బ్రౌన్ అచ్చువేయించిన అనంతపుర చరిత్రలోని ఈ కథను తీసుకునే కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడు ‘ముసలమ్మ మరణం’ రాశారు. ఆధునిక తెలుగు కావ్యాల్లో మొదటిదని మనం పాఠం చెబుతూ వస్తున్నాం. రాజుల్నీ దేవతల్నీ వదిలి ఒక రైతు ఇంటి కోడల్ని నాయికను చేయడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ కావ్యం గురించి మనం మాట్లాడిన ప్రతిసారీ ‘త్యాగం’ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాం? ఊరినిండా మనుషులుండగా దైవానికి పరాయి ఇంటి నుంచి వచ్చిన పిల్లే, అందులోనూ అందరికన్నా చిన్నదే ఎందుకు గుర్తొచ్చింది? ఆమె ప్రాణం పోయినా ఆ ఇంటి వంశావళిలో ఒక్క పేరూ తగ్గదు. దైవానికి ఆ లెక్క తెలుసు.

అప్పటివాళ్లకు కట్ట వేయడం చేతకాక కాదు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెబుతుంది. కట్టలోంచి నీరు ఊరడం దోషమంటుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క రాస్తుంది. కోడలి బలి ఆ పన్నెండింటిలో లేదు. (ఆ వెయ్యిమందిలో మట్టితట్టలు మోసిన ఆడవాళ్లెందరో కూడా లేదనుకోండి.)

పొరుగున కన్నడ జానపదంలో ‘కెరెగె హార’ అనే కథాగీతం ఉంది. అందులో భాగీరథి కూడా చిన్న కోడలే, చెరువుకు బలైనదే. అయితే ఆమె పుట్టింటికి వెళ్లి ఏడుస్తుంది. అమ్మానాన్నలకు నోరు విప్పి చెప్పలేక స్నేహితురాలికి చెప్పుకుంటుంది. దండు నుంచి తిరిగొచ్చిన మొగుడు సంగతి తెలిసి అదే చెరువులో దూకుతాడు. ఆ పాటకు అది చావని తెలుసు, దానికి కారకులు ఇంట్లోనే ఉన్నారనీ తెలుసు.

ముసలమ్మ త్యాగనిరతిని వివరించమని ప్రశ్నపత్రాల్లో అడిగే మిత్రులారా, ఆ మాట తీసేయండి. ఆ కావ్యం పక్కన ఈ పాటను కూడా పెట్టండి. చిన్న కోడలు కట్ట మీదికి బయల్దేరేముందు బసిరెడ్డి ఇంట్లో ఎవరెవరు ఏం మాట్లాడి ఉంటారో, ఎవరు మాట్లాడకుండా ఉండిపోయారో పిల్లల్ని రాయమనండి.