మిగిలిన మాత్ర కుక్కకు వేయకండి!

కుక్కల్నీ పిల్లుల్నీ పెంచుకునే ఇళ్లవారికి, మందుల షాపులవారికి, పశువైద్యులకు, పశుసంవర్ధక శాఖ అధికారులకు విన్నపం

ఫ్రిజ్ మీది మందుల డబ్బా ఒకసారి దించి చూడండి. పోయిన నెల పిల్లాడికి జ్వరమొచ్చినప్పుడు రాసిన యాంటీబయాటిక్ స్ట్రిప్పు, నాలుగు మాత్రలు మిగిలి, అందులోనే ఉంటుంది. దానిమీద నిలువునా ఓ ఎర్రగీత. డాక్టరు చీటీ లేనిదే వాడొద్దని దానర్థం. అయినా కుక్క చెవి గీరుకుంటే మన చెయ్యి ముందు వెళ్లేది ఆ డబ్బాలోకే. అందులో లేకపోతే వీధి చివరి మెడికల్ షాపుకు. "కుక్కకా? బరువెంతుంటుంది?" అని అడిగి, పూటకు సగం మాత్రని చెప్పి, కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేస్తారు. చీటీ ఊసే రాదు.

ఈ అలవాటు మానుకుందాం.

యాంటీబయాటిక్ పనిచేసేది బాక్టీరియా మీదే. చెవి దురదకు చాలాసార్లు మూలం ఎలర్జీయో, ఈస్టో, చెవి పురుగులో అయి ఉంటుంది. కుక్కపిల్లను రక్తవిరేచనాలతో పడేసే పార్వో వైరస్ ఏ యాంటీబయాటిక్‌కూ చావదు. దానికి కాపు ముందే వేయించే టీకా. వయసులో ఉన్న పిల్లి మూత్రానికి ముక్కుతుంటే బాక్టీరియా కారణం కావడం అరుదు. మగపిల్లికి మూత్రం పూర్తిగా బిగిసిపోతే ఒకట్రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. మాత్ర వేసి రేపు చూద్దామనుకుంటే ఆ రేపు దానికి ఉండకపోవచ్చు.

మందు మీద మాకు కోపం లేదు. గోమార్లు కుట్టి వచ్చే టిక్ ఫీవర్‌లో ఎర్లీకియా క్రిమికి డాక్సీసైక్లిన్ పెట్టింది పేరు. సాధారణంగా 28 రోజులు వాడమంటారు. మూడో రోజుకే కుక్క లేచి గిన్నె నాకేస్తుంది. "తగ్గిపోయిందిగా" అని ఐదో రోజుకు మనం ఆపేస్తాం. లోపల దాగిన జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. అదే మాత్ర పిల్లికి నీళ్లు పట్టకుండా మింగిస్తే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ మోతాదు మించితే పిల్లికి చూపే పోవచ్చు. కుక్కకు సగం, పిల్లికి పావు అనే కంటి లెక్క కూరలో ఉప్పుకు చాలు, మందుకు చాలదు.

మందు అడ్డగోలుగా వాడినప్పుడల్లా లొంగే క్రిములు చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. కుక్క పడుకునేది మన సోఫా మీదే, నాకేది మన పిల్లల చేతులే. దాని పేగుల్లో మొండిబారిన ఈ.కోలి మనల్ని చేరడానికి గడప కూడా దాటక్కర్లేదు. మందుకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా. చాలీచాలని మోతాదు క్రిముల్ని రాటుదేలుస్తుందని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు.

అందుకే అడుగుతున్నాం:

ఇళ్లవారు: సొంత వైద్యం వద్దు. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టొద్దు, అడగకుండా ఆపొద్దు. "స్ట్రాంగ్ ఇంజెక్షన్ వేయండి" అని ఒత్తిడి చేయొద్దు.

మందుల షాపులు: పశువైద్యుడి చీటీ లేనిదే ఇవ్వకండి. 2014 నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం సెఫిక్సిమ్, సెఫ్‌పొడాక్సిమ్ లాంటివి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన లెక్క రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కుక్క కోసం అమ్మినా ఆ రిజిస్టరు తెరవండి.

పశువైద్యులు: చెవి, చర్మం జబ్బుల్లో ముందు స్లైడు తీసి మైక్రోస్కోపు కింద చూడండి. పైపూతతోనో మందు షాంపూతోనో పోయేదానికి మాత్ర రాయకండి. చీటీ మీద బరువు, మోతాదు, ఎన్ని రోజులో స్పష్టంగా రాయండి.

ప్రభుత్వం: ఏ క్రిమి ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్షను ప్రతి జిల్లా కేంద్రంలో, కుక్కలకూ పిల్లులకూ, సామాన్యుడు భరించే ధరకు అందించండి. ఆ పరీక్షకు పట్టేది రెండు మూడు రోజులే. అది దొరక్కే డాక్టర్లు గుడ్డిగా మందు రాయాల్సి వస్తోంది.

ఈ కాగితం మడిచి ఆ డబ్బాలోనే పెట్టండి. ఈసారి స్ట్రిప్పు కోసం చెయ్యి పెట్టినప్పుడు ముందు ఇదే తగలాలి.

ఇట్లు
మీలాగే కుక్కల్నీ పిల్లుల్నీ పెంచుకుంటున్న ఇరుగుపొరుగు