గింజ దాచుకునే అర్ర లేని ఇల్లు

వేములపల్లి చుట్టుపక్కల ఈమధ్య కట్టుకున్న రైతుల ఇండ్లు చూడండి. హాలు, బెడ్‌రూములు, వంటగది ఉంటాయి, పైన స్లాబు ఉంటుంది. వడ్లు పోసుకునే అర్ర మాత్రం ఉండదు. అదే మిర్యాలగూడ రోడ్డున మిల్లులు చూడండి. ముందు గోదాము, ఆ పక్కన డ్రయ్యరు. పండించేవాడికి దాచుకునే చోటు లేదు, కొనేవాడికి ఉంది. ధర ఎవరు చెబుతారో ఇక్కడే తేలిపోతున్నది.

మన తాతల ఇండ్లల్లో గుమ్మి ఉండేది. తడకతో అల్లి, పేడతో అలికి, నేల చెమ్మ తగలకుండా కింద రాళ్లు పెట్టి నిలబెట్టేవారు. కొందరికి గరిసెలు, కొందరికి పాతరలు. తిండి గింజలు, విత్తనాలు, కూలికిచ్చే గింజలు అన్నీ అందులోనివే. అట్లని అది బంగారు కాలమేమీ కాదు. దొరల గడీల్లో గాదెలు నిండితే కౌలుదారు గుమ్మి అడుగంటేది. లెవీ పేరుతో పేద రైతు గింజలు గుంజుకున్నందుకే కదా 1946 నుంచి నల్లగొండ జిల్లా భగ్గుమన్నది! గింజ ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లదని ఆ పోరాటం చెప్పింది.

1967లో సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొచ్చినయ్. పంట పెరిగింది, మిల్లులు పెరిగినయ్. తర్వాత కోత మిషన్లొచ్చినయ్. పూర్వం కోసి, ఆరబెట్టి, కుప్పేసి, నూర్చేసరికి రోజులు పట్టేది. ఆ లోపల గింజ ఆరేది, రైతుకు ఆలోచించుకునే వ్యవధి దొరికేది. ఇప్పుడు మిషన్ నుంచి ట్రాక్టర్‌లోకి, ట్రాక్టర్ నుంచి మిల్లు గేటుకు. అందరి కోతలూ ఒక్కసారే. 2020, 2021 వానాకాలాల్లో సన్నవడ్లు ఏ రోజు కోయాలో కూడా టోకెన్లే చెప్పినయ్.

పచ్చి వడ్ల లెక్క ఒకసారి చూద్దాం. 24 శాతం తేమ ఉన్న 100 క్వింటాళ్లు 17 శాతానికి ఆరితే సుమారు 91.5 క్వింటాళ్లు అవుతాయి. 2025-26కు ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. ఆ ప్రకారం 24 శాతం తేమతో ఉన్న పచ్చి వడ్లకే దాదాపు 2,187 రూపాయలు రావాలి. ఇందులో ఆరబెట్టే ఖర్చు కొంత తీసేసినా సరే. అంతకన్నా బాగా తగ్గించి కొంటే దాన్ని తేమ కోత అనలేం, రైతు అవసరాన్ని చూసి వేసిన కోత అనాలి.

అయితే ప్రతి రైతూ ఇంట్లో గరిసె కట్టుకోవాలని మేం అనడం లేదు. పదెకరాల వడ్లు ఇంట్లో పట్టవు. నిల్వ చేయాలంటే తేమ 14 శాతంలోపు ఉండాలి, లేకుంటే బూజు పడుతుంది. దాచినంత మాత్రాన ధర పెరుగుతుందన్న హామీ లేదు, అప్పు మిత్తి మాత్రం ఆగదు. తిండికి, విత్తనానికి సరిపడా ఇంట్లో ఉంచుకుందాం. మిగతా పంటకు ఊరుమ్మడి చోటు కావాలి. కోతల రద్దీ ఉన్న ఇరవై ముప్పై రోజులు తట్టుకోగలిగితే చాలు, సగం బేరం మన చేతికొస్తుంది.

చట్టాలకు, పథకాలకు కొదవలేదు. గోదాము రసీదు పెట్టి అప్పు తీసుకునే ఏర్పాటుకు 2007లోనే చట్టం వచ్చింది. కిసాన్ క్రెడిట్ కార్డున్న చిన్న, సన్నకారు రైతులకు ఆ రసీదు మీద ఆరు నెలల దాకా రాయితీ వడ్డీకి రుణం ఇవ్వాలి. సహకార సంఘాల్లో 700 లక్షల టన్నుల గోదాములు కడతామని కేంద్రం 2023లో ప్రకటించింది. కానీ మన ఊళ్లో వడ్లు ఇంకా తారు రోడ్డు మీదే ఆరుతున్నయ్. మబ్బు పడితే పరదాలు పట్టుకుని ఉరికేది ఆడవాళ్లు, ముసలివాళ్లే. ఇక కౌలు రైతుకు కార్డే లేదు, రసీదు మీద అప్పు ఎక్కడిది? 2011 నాటి సాగుదారుల చట్టం ప్రకారం కౌలుదార్లకు రుణ అర్హత కార్డులివ్వాలి. ఆ చట్టాన్ని పక్కన పడేశారు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. ప్రతి ఊళ్లో సిమెంటు కల్లాలు కట్టాలి. ప్రతి సహకార సంఘానికి గోదాముతో పాటు డ్రయ్యరు కూడా ఇవ్వాలి. తేమ కొలిచే మిషన్ రైతు కండ్ల ముందే పెట్టి చూపాలి, తేమను బట్టి ధర పట్టికను మిల్లు గేటుకు వేలాడదీయాలి. రసీదు మీద రుణం కౌలు రైతుకూ దక్కాలి.

వచ్చే గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానం చేయించి మండలాఫీసులో ఇద్దాం. కోతలు మొదలయ్యాక అడిగితే లాభం లేదు. అప్పుడు మన చేతిలో పచ్చి వడ్లు, వాళ్ల చేతిలో కాటా ఉంటయ్. నాట్లు పడుతున్నప్పుడే అడగాలి.