మెదడు బొమ్మ వెనక చేతులు

2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ నుంచి ఒక మంచి వార్త వచ్చింది. భారతీయుల మెదడుకి ఒక నమూనా పటాన్ని అక్కడి పరిశోధకులు తయారుచేశారు. వంద మంది ఎం.ఆర్.ఐ. స్కాన్లు దానికి ఆధారం. ఆ బృందానికి నాయకత్వం వహించింది ప్రొఫెసర్ జయంతి శివస్వామి అనే మహిళ. అల్జైమర్స్ వంటి జబ్బుల్ని ముందుగా గుర్తించాలంటే పాశ్చాత్యుల మెదడు కొలతలతో మనవాళ్ళని పోల్చి చూస్తే కుదరదు, మనకి మన కొలబద్ద కావాలి. ఆ పని ఉద్దేశం అది. కానీ వార్తల్లో శీర్షికలకెక్కింది మరో మాట: ‘భారతీయుల మెదడు చిన్నది’.

ఈ శీర్షిక చూస్తే స్త్రీలకి ఒక పాత లెక్క గుర్తుకు రావాలి. 1887లో ఇంగ్లండులో జార్జ్ రొమేనిస్ అనే శాస్త్రవేత్త ఆడవాళ్ళ మెదడు మగవాళ్ళ మెదడు కన్నా సగటున ఐదు ఔన్సులు తక్కువని, కాబట్టి తెలివితేటలు కూడా తక్కువేనని రాశాడు. అప్పట్లో తక్కెడ ఉండేది, ఇప్పుడు స్కానర్ వచ్చింది. తక్కెడతో వాదించవచ్చు గానీ రంగురంగుల బొమ్మతో వాదించడం కష్టం. యంత్రమే స్వయంగా తీసిన బొమ్మకి పక్షపాతం ఎందుకుంటుందని అందరూ అనుకుంటారు. ఆ బొమ్మని యంత్రం ఒక్కటే తయారు చెయ్యదు. విశ్వవిద్యాలయాల్లోని మెదడు చిత్రీకరణ ప్రయోగశాలల్లో పనిచేసే మనుషులు చేస్తారు. ఆ మనుషులెవరు, వాళ్ళకున్న హక్కులేమిటి అన్నది మన ఉద్యమం ఇంతవరకు పెద్దగా పట్టించుకోని విషయం. ఈ సంచికలో దాన్ని చర్చకి పెట్టదలచుకున్నాను.

ముందు ఆ బొమ్మ సంగతి చూద్దాం. ఆలోచించేటప్పుడు మెదడులో ఎర్రగా, పసుపుగా వెలిగినట్టు కనపడే చిత్రాలు మనందరం పత్రికల్లో చూశాం. నిజానికి అక్కడ ఏదీ వెలగదు. మెదడులో ఒక భాగం పని ఎక్కువగా చేస్తే అక్కడికి రక్తం ఎక్కువ వస్తుంది, ఆ రక్తంలో ఆక్సిజన్ పాలు మారుతుంది. ఆ తేడాని అయస్కాంతంతో పట్టుకోవచ్చని 1990లో జపాన్ శాస్త్రవేత్త సెయిజి ఒగావా చూపించాడు. ఆ కొలతల్ని లెక్కల్లో వేసి, ఎంత తేడా ఉంటే ‘ఉంది’ అనాలో ఒక గీత గీసి, ఆ గీత దాటిన చోట రంగు పూస్తారు. ఆ గీత ఎక్కడ గియ్యాలన్నది మనిషి నిర్ణయం. 2009లో అమెరికాలో క్రెగ్ బెన్నెట్, ఆయన సహచరులు ఒక చచ్చిన సాల్మన్ చేపని స్కానర్లో పెట్టి మనుషుల ఫోటోలు ‘చూపించారు’. వేలకొద్దీ పోలికలు ఒకేసారి చేసేటప్పుడు గణాంకాల్లో వెయ్యాల్సిన దిద్దుబాటు వెయ్యకపోతే ఆ చచ్చిన చేప మెదడు కూడా ఆలోచిస్తున్నట్టే కనిపించింది!

గీతే కాదు, కొలబద్ద కూడా మనుషులు ఎంచుకున్నదే. 1988లో ఫ్రాన్సులో తలైరాక్, టూర్నూ అనే ఇద్దరు ప్రచురించిన మెదడు పటం ఏళ్ళ తరబడి ప్రపంచమంతా వాడింది. దానికి ఆధారం మరణించిన ఒక 60 ఏళ్ళ ఫ్రెంచి స్త్రీ మెదడు. తర్వాత కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ 305 మంది స్కాన్లని కలిపి ‘సగటు’ మెదడుని తయారుచేసింది. ఆ 305 మందిలో మగవాళ్ళు 239, స్త్రీలు 66. సగటు వయసు ఇరవై నాలుగుకి లోపే. ఎవరో ఒకామె మెదడు మొదట అందరికీ కొలబద్ద అయింది, తర్వాత ఎక్కువగా యువకుల మెదళ్ళు అయ్యాయి. ఈ సంగతి తెలియకుండా ‘సగటు కన్నా చిన్నది’ అనే మాటకి అర్థం లేదు.

ఇక స్త్రీ పురుష భేదాల విషయం. 1995లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అధ్యయనంలో 19 మంది పురుషులు, 19 మంది స్త్రీలు ఉన్నారు. ప్రాస కలిసే మాటల్ని గుర్తించేటప్పుడు 19 మంది స్త్రీలలో 11 మందికి మెదడు రెండు వైపులా పనిచేసిందని, పురుషులకి ఎడమవైపే పనిచేసిందని చెప్పారు. ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. 2004లో ఐరిస్ సోమర్, ఆమె సహచరులు అలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. 2015లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన డఫ్నా జోయెల్ బృందం 1400కి పైగా మెదళ్ళ స్కాన్లు పరిశీలించి, చాలామంది మెదడులో ‘ఆడ’, ‘మగ’ అనుకునే లక్షణాలు కలగలిసి ఉంటాయని తేల్చింది. వీటికి 1995 నాటి బొమ్మకి దొరికినంత ప్రచారం దొరకలేదు.

లండన్‌లో ఎలియనార్ మాగ్వైర్ చేసిన పనిని కూడా మనం తెలుసుకోవాలి. వేలాది వీధుల్ని కంఠస్థం చేసే టాక్సీ డ్రైవర్ల మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ వెనక భాగం పెద్దదిగా ఉందని 2000లో ఆమె బృందం చూపించింది. 2011లో, కొత్తగా శిక్షణ మొదలుపెట్టిన వాళ్ళని కొన్నేళ్ళు గమనించి, పరీక్ష నెగ్గినవాళ్ళలో ఆ భాగం పెరిగిందని చూపించింది. చేసే పనే మెదడుని మారుస్తుందన్న మాట. అయితే 2000 నాటి అధ్యయనంలో పాల్గొన్న 16 మంది డ్రైవర్లూ మగవాళ్ళే. ఆ వృత్తిలో స్త్రీలు బహు తక్కువ కాబట్టి అది అర్థమయ్యే విషయమే. కానీ ఏ పని ఎవరికిచ్చిందో సమాజం, ఆ పని ముద్రే మెదడు మీద పడుతుంటే, పెద్దయ్యాక తీసిన స్కాన్ చూపించి ఇది పుట్టుకతో వచ్చిందని చెప్పడం ఏ న్యాయం?

ఇన్ని నిర్ణయాలు జరిగే ఆ గదుల్లో ఎవరున్నారు? పైన ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్. ఆ స్థానంలో స్త్రీలు లేకపోలేదు. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో చదివిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టర్. తర్వాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆవరణలో మెదడు పరిశోధన కేంద్రాన్ని కూడా ఆమే నిలబెట్టారు. ఇలాంటి వాళ్ళని చూసి గర్వపడదాం. కానీ ఒక స్త్రీ పైకి వెళ్ళినంత మాత్రాన కింద నిచ్చెన మెట్లు మారిపోవు.

ఆ మెట్ల మీద పోస్ట్ డాక్టరల్ పరిశోధకులు, పిహెచ్.డి. విద్యార్థులు, యంత్రం నడిపే రేడియోగ్రాఫర్లు, నర్సులు, ప్రాజెక్ట్ అసిస్టెంట్లు, గది ఊడ్చి తుడిచే మనుషులు ఉంటారు. నేను చూసిన ప్రయోగశాలల్లో ప్రాజెక్ట్ అసిస్టెంట్లు ఎక్కువమంది పాతికేళ్ళ లోపు అమ్మాయిలు. పాల్గొనేవాళ్ళకి ఫోన్ చేసి పిలవడం, దారి తెలియని వాళ్ళని గేటు దగ్గరికి వెళ్ళి తీసుకురావడం, అంగీకార పత్రం చదివి వినిపించడం, చెవుల్లో దూది పెట్టి, తల కదలకుండా దిండ్లు సర్ది, ఆ గొట్టంలో భయపడే మనిషికి ధైర్యం చెప్పడం వాళ్ళ పని. ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ చేత తాళి, మెట్టెలు, ముక్కుపుడక తీయించాలంటే మాటలా? ఒకచోట ఒక అసిస్టెంటు తన డ్రాయరులో పసుపుతాళ్ళు పెట్టుకోవడం చూశాను. తాళి తీసిన ప్రతి ఆవిడ మెడలో ఒకటి కడుతుంది. ఈ విషయం ఏ పరిశోధన పద్ధతిలోనూ రాయరు. కానీ ఆ పసుపుతాడు లేకపోతే ఆ స్కాన్ లేదు.

స్కాన్ అయ్యాక కంప్యూటర్ ముందు అసలు పని మొదలవుతుంది. తల కదిలి చెడిపోయిన బొమ్మల్ని ఏరెయ్యాలి. సాఫ్ట్‌వేర్ తప్పుగా గీసిన అంచుల్ని ఒక్కొక్క పొరలో మౌస్‌తో దిద్దాలి. ఒక్క మెదడుకే గంటల తరబడి పడుతుంది. ఏ బొమ్మ ఉంచాలో, ఏది తీసెయ్యాలో, అంచు ఎక్కడ ఆగాలో ఆ అమ్మాయి కన్నే నిర్ణయిస్తుంది. ఇది శాస్త్రజ్ఞానం కాక మరేమిటి? అయినా వ్యాసం అచ్చయినప్పుడు ఆమె పేరు రచయితల్లో ఉండదు. చివర్లో కృతజ్ఞతల్లో ఉంటే అదృష్టం. రాతలో పాలు పంచుకోలేదు కాబట్టి రచయిత కాదంటారు. రాసే చోటికి ఆమెని పిలిచిందెవరు? సమాచారం సేకరించడంలో, విశ్లేషణలో గణనీయమైన పాత్ర ఉన్నవాళ్ళకి రాతలోనూ పాల్గొనే అవకాశం ఇవ్వాలని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమాలే చెబుతున్నాయి.

ఇల్లు నడిపే స్త్రీ శ్రమ లెక్కకి రాదని మనం ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాం. ప్రయోగశాలలో కూడా మనిషిని ఓదార్చే పని, ఓపికగా దిద్దే పని ‘సహాయం’ కిందే పోతుంది. ఆ చేతుల్ని దాచేస్తే ఇంకొకటి కూడా జరుగుతుంది. బొమ్మ దానంతటదే పుట్టినట్టు, తిరుగులేని సత్యమైనట్టు కనపడుతుంది. పనిచేసిన వాళ్ళ పేర్లు, వాళ్ళు తీసుకున్న నిర్ణయాలు బయటపెడితే పనికి విలువ వస్తుంది, బొమ్మ మీది గుడ్డి నమ్మకం కూడా తగ్గుతుంది.

స్కానర్లో పడుకునే వాళ్ళ విషయం వేరు. వాళ్ళ పేర్లు దాచడం వాళ్ళ రక్షణ కోసమే. కానీ పేరు దాచితే బాధ్యత తీరిపోదు. కర్ణాటక కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో 45 ఏళ్ళు దాటిన పది వేల మందిని ఏళ్ళ తరబడి గమనించే పెద్ద అధ్యయనాన్ని బెంగుళూరు కేంద్రం 2018లో మొదలుపెట్టింది. అది తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్న ప్రాంతం. పల్లెల్లోని వయసు మళ్ళిన వాళ్ళ మెదడు గురించి ఇన్నాళ్ళకి తెలుసుకోవడం అవసరమే. అయితే ఇలాంటి ప్రతి అధ్యయనంలోనూ మనం అడగాల్సిన ప్రశ్నలున్నాయి. అంగీకార పత్రం ఆమె ఇంట్లో మాట్లాడే భాషలో ఉందా? ‘వద్దు’ అనే హక్కు ఆమెకుందా, లేక కొడుకో భర్తో వేలిముద్ర వేయించాడా? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి స్కాన్ తీస్తే సుమారు 37 మందిలో ఒకరికి అనుకోని లోపమేదో కనపడుతుందని 2009లో అనేక అధ్యయనాల్ని కలిపి చూసినవాళ్ళు లెక్క కట్టారు. ఆ ఒక్కరికి ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు, తర్వాత వైద్యం మాటేమిటి? భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు ఈ ప్రశ్నలన్నిటికీ వర్తిస్తాయి. వాటిని చదివి అడిగేవాళ్ళు కావాలి.

ఇక పనిచేసే వాళ్ళ హక్కులు. ప్రాజెక్టు ఉద్యోగం ప్రాజెక్టుతోనే పోతుంది. పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఉన్న అమ్మాయి గర్భవతినన్న మాట బయటికి చెప్పడానికి జంకుతుంది. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. అయినా స్కాన్ జరుగుతున్నప్పుడు గర్భిణి అయిన ఉద్యోగిని ఆ గదిలో ఉండకూడదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ సలహా. ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు మూసుకున్న మనిషిని ఏ సలహా కాపాడుతుంది? 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలయింది. పిహెచ్.డి. విద్యార్థినులకి 240 రోజుల వరకు సెలవు ఇవ్వాలని యు.జి.సి. నియమాలు చెబుతున్నాయి. ప్రాజెక్ట్ అసిస్టెంట్లకి సెలవు కాలంలో జీతం ఏ పద్దు నుంచి ఇస్తారో నియామక పత్రంలోనే రాయమని అడగాలి. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలయింది. దానికి ముందు, 2018లో, పరిశోధక విద్యార్థులు దేశమంతా రోడ్డెక్కారని మరిచిపోకూడదు.

గది తుడిచే మనిషి సంగతి ఇంకా అన్యాయం. స్కాన్లు లేని రాత్రివేళ కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళిన రోగి బంధువు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఇనప బకెట్టుతో, ఇనప కర్రతో రోజూ పని చేసేవాళ్ళకి ఆమె భాషలో శిక్షణ ఇవ్వకుండా ఆ తలుపు తియ్యమనడం నేరం. ఏజెన్సీ మనిషి కదా అని విశ్వవిద్యాలయం చేతులు దులుపుకోకూడదు.

లైంగిక వేధింపుల విషయంలో మనకి నేరుగా పని ఉంది. స్కానర్ సమయం, ఫెలోషిప్ సంతకం, సిఫారసు ఉత్తరం అన్నీ ఒకే గైడు చేతిలో ఉన్నచోట నోరు విప్పడం తేలిక కాదు. 2013 చట్టంలో ఉద్యోగిని అంటే కాంట్రాక్టు, దినసరి, ట్రైనీ, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ళు కూడా. ఫిర్యాదు విచారణ సాగుతుండగా, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పనినీ పరీక్షల్నీ మదింపు చెయ్యకుండా ఆపవచ్చని యు.జి.సి. 2015 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఫిర్యాదుల కమిటీలో బయటి నుంచి, స్వచ్ఛంద సంస్థ నుంచి ఒక సభ్యురాలు ఉండాలి. ఆ కుర్చీ మనది. అందులో కూర్చునే మనం సంతకాలు పెట్టి టీ తాగి వస్తున్నామా, లేక ఆ ప్రయోగశాలలో పనిచేసే అమ్మాయిలకి మన ఫోన్ నంబరు తెలిసేలా చూస్తున్నామా?

మీ ఊళ్ళో, మీ దగ్గరి విశ్వవిద్యాలయంలో ఇలాంటి ప్రయోగశాల ఉంటే వెళ్ళి అడగండి. ఎంతమంది కాంట్రాక్టు మీద ఉన్నారు? నియామక పత్రాల్లో ఏముంది? అంగీకార పత్రం ఏ భాషలో ఉంది? కమిటీలో ఎవరున్నారు? అక్కడ పనిచేసే మిత్రులు తమ అనుభవాలు మాకు రాయండి. కోరితే పేరు లేకుండానే వేస్తాం. ఈసారి ‘ఆడవాళ్ళ మెదడు ఇలా ఉంటుంది’ అని పత్రికలో బొమ్మ పడినప్పుడు ఎంతమందిని చూశారు, గీత ఎక్కడ గీశారు, ఎవరి చేత చేయించారు అని సంపాదకుడికి ఒక కార్డు ముక్క రాయండి. అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత శాస్త్రానికి ఉంది. అడగాల్సిన బాధ్యత మనది.