ప్రదర్శనశాల ఎవరిది?

చెన్నపట్టణమున 1851లో ఒక మ్యూజియము స్థాపింపబడినది. ఆ నగరపు సామాన్యజనులు చాలకాలము దానిని ‘సెత్త కాలేజి’ అని పిలుచుచు వచ్చిరి. ఆ తమిళపు మాటకు ‘చచ్చిన కాలేజీ’ అని అర్థము. జంతువులను చూపెడు తోటకు వారు పెట్టిన పేరు ‘ఉయిర్ కాలేజి’. అనగా ప్రాణమున్న కాలేజీ. చదువురానివారు పెట్టిన పేర్లని పెద్దలు నవ్వుకొనెడివారు. కాని ఆ పరిహాసములో ఒక ఫిర్యాదు దాగియున్నదని నా తలంపు. అక్కడి రాళ్ళును, ఎముకలును, నాణెములును తమతో మాటలాడుట లేదని ఆ జనులు చెప్పిరి, అంతే.

విచిత్రమేమనగా ఈ రెండు కాలేజీలును మొదట ఒక్క ఆవరణముననే యుండెడివి. మ్యూజియము నిర్వహణభారము వహించిన ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు 1855 ప్రాంతమున అక్కడ ప్రాణమున్న జంతువులను కూడ ఉంచెను. వానిని చూచుటకు జనము విరగబడి వచ్చిరి. కొంతకాలమునకు జంతువులు వేరు తోటకు తరలిపోయినవి, రాళ్ళు మిగిలినవి. ఆ రాళ్ళు సామాన్యమైనవి కావు. మన కృష్ణాతీరమునందలి అమరావతి స్తూపమునకు అలంకారములైన శిల్పఫలకములు అనేకము నేడును అక్కడనే యున్నవి. వాని యెదుట నిలిచి, ఇవి మా తాతలు చెక్కినవని తెలిసికొనక వెడలిపోయిన తెలుగువారెందరో!

ప్రదర్శనశాల ఎవరికొరకు? దాని వ్యయమును ఎవరు భరింపవలెను? ఈ రెండు ప్రశ్నలును ఒకదానితో నొకటి పెనవైచుకొని యున్నవి. హైదరాబాదునందలి సాలార్‌జంగు మ్యూజియము చరిత్రను చూచినచో ఇది స్పష్టమగును.

మీర్ యూసుఫ్ అలీఖాను, అనగా మూడవ సాలార్‌జంగు, నిజాము కొలువులో కొద్దికాలము ప్రధానమంత్రిగా నుండెను. ఆ పదవిని వదలిన పిదప తన ధనమును, కాలమును వస్తుసేకరణమునకే వెచ్చించెను. ఆయన తాత 1876లో ఇటలీ దేశమునుండి తెచ్చిన ‘మేలిముసుగు రెబెక్కా’ అను పాలరాతి విగ్రహమువంటివి ఇంట నదివరకే కలవు. వానికి ఈయన దంతపు పనులు, చైనా పింగాణి, పారశీక గ్రంథములు, కత్తులు, గడియారములు చేర్చెను. వివాహము చేసికొనలేదు. 1949లో మరణించెను. వస్తువులు నలుబదివేలకు మించినవి మిగిలినవి. అవి వేలమునకు వచ్చి నాలుగు దిక్కులకు చెదరిపోయి యుండవచ్చును. అట్లు జరుగలేదు. 1951 డిసెంబరు 16వ తేదీని ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియమును ప్రారంభించెను. 1958లో వారసులతో రాజీ కుదిరి, భారత ప్రభుత్వము నిర్వహణభారమును స్వీకరించినది. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టమును చేసి దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించినది. 1968లో వస్తువులన్నియు మూసీనది యొడ్డున కట్టిన క్రొత్త భవనమునకు చేరినవి. ఒక నవాబు ముచ్చటగా కూర్చుకొన్న సొత్తు ఇరువది యేండ్లలో ప్రజల సొత్తయ్యెను.

ఆ మ్యూజియములో మధ్యాహ్నము పండ్రెండు కావచ్చిన వేళ చూడవలెను. గదులలో నున్నవారందరు ఒక్కమారుగా గడియారపు ముంగిటికి చేరుదురు. పల్లెలనుండి వచ్చిన ముసలమ్మలు, చంకబిడ్డల తల్లులు, బడిపిల్లలు, కళాశాల విద్యార్థులు అందరును అచ్చట కూర్చుందురు. గడియారములోనుండి ఒక చిన్న గడ్డపుమనిషి బయటికి వచ్చి గంట కొట్టి మరల లోనికి పోవును. జనులు చప్పట్లు చరతురు. తరువాత సగముమంది తిన్నగా వాకిలివైపు నడతురు.

దీనిని చూచి ఏవగించుకొను పండితులు కలరు. ‘ఇంత కళాసంపద యుండగా ఈ బొమ్మకొరకా వచ్చినది?’ అని వారి బాధ. ఆ బాధ నాకు అర్థమగును గాని, ఏవగింపు అర్థము కాదు. బాల్ఫరునకు జంతువులు చేసిన మేలునే ఈ గడియారము చేయుచున్నది. అది జనమును గడప దాటించినది. గడప దాటినవారు రెండవగదిలోనికి ఏల పోలేదు? ఆ తప్పు గడియారముది కాదు, వచ్చినవారిదియు కాదు. రెండవగదిలో వారిని పలుకరించువారు లేకపోవుట తప్పు.

ఇక ధనము మాట. ప్రదర్శనశాలకు వ్యయమెందుకు, వస్తువులు ఊరక కూర్చుండునవే గదా యని కొందరనుకొందురు. అవి ఊరక కూర్చుండవు. చెమ్మ, చెద, ధూళి, వెలుతురు వానిని రేయింబవళ్ళు తినుచుండును. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సునందలి రాష్ట్ర పురావస్తుశాలలో ఈజిప్టు దేశపు మమ్మీ యొకటి కలదు. రెండువేల యేండ్లకు పైబడి నిలిచిన ఆ దేహము మన గాలిలో చెడనారంభించినది. 2016లో దానిని ప్రాణవాయువు చొరకుండ, నత్రజనితో నింపిన గాజుపెట్టెలో భద్రపరచవలసి వచ్చెను. చూడవచ్చినవారికి పెట్టె కనబడును. అందలి వాయువు కనబడదు. ప్రదర్శనశాల వ్యయములో పెక్కుభాగము ఇట్లు కంటికి కనబడనిదే.

ఈ వ్యయమునకు లోకము పలుమార్గములు వెదకినది. లండనునందలి బ్రిటిష్ మ్యూజియము పుట్టుక తమాషా యైనది. హాన్స్ స్లోన్ అను వైద్యుడు తన సేకరణమునంతయు దేశమునకు వదలుచు, తన వారసులకు 20,000 పౌనులు మాత్ర మిమ్మని కోరెను. రాజ్యమునకు ఆ సొమ్మును ఖజానానుండి తీయ మనసొప్పలేదు. 1753లో పార్లమెంటు చట్టము చేసి లాటరీ నడపి ధనము కూర్చినది! 1759లో మ్యూజియమును తెరచిరి. ప్రవేశ రుసుము లేదు. అయినను ముందుగా అర్జీ పెట్టుకొని చీటి పొందినవారికే ప్రవేశము. పనిమాని వచ్చి, అర్జీ వ్రాసి, పిలుపుకొరకు వేచియుండుట కూలివానికి సాధ్యమా? రుసుము లేకున్నను తలుపు మూసియుండవచ్చునని దీనివలన తెలియుచున్నది. బొంబాయి మ్యూజియము మరియొక త్రోవ త్రొక్కినది. ప్రభుత్వ సాహాయ్యమునకు పౌరుల చందాలు తోడై లేచిన ఆ భవనము 1922లో ప్రజలకు తెరువబడినది.

ఏ మార్గమునకు ఆ చిక్కు కలదు. ప్రభుత్వధనము నిలుకడ గలది. కాని జీతములకు, కప్పు మరమ్మతులకు పోగా క్రొత్త ఆలోచనలకు మిగులునది స్వల్పము. టికెట్లపైననే బ్రతుకవలసి వచ్చినచో ప్రదర్శనశాల క్రమముగా జేబు నిండినవారి యభిరుచినే కనిపెట్టుకొని యుండును. దాతలు భవనములకు విరివిగా ఇత్తురు. భవనముపై పేరు చెక్కింపవచ్చును; చెదలమందు డబ్బాపై ఎవరును చెక్కింపరు గదా! నా మట్టుకు నేను చెప్పునది: రక్షణవ్యయము ప్రభుత్వము వహింపవలెను, ఏలయన అది తరువాతి తరముల యప్పు. దాతల ధనమును జనులయొద్దకు పోవు పనికి మళ్ళింపవలెను. టికెట్టు సొమ్మును పెద్దలయొద్ద, దూరదేశములనుండి వచ్చినవారియొద్ద తీసికొన్నను, బడిపిల్లలయొద్ద ఒక్క పైసయు తీసికొనరాదు.

అయితే టికెట్టు లేకున్నంతమాత్రమున పిల్లవాడు రాలేడు. నాగార్జునకొండ మ్యూజియమునే తీసికొందము. సాగర్ ఆనకట్ట కట్టుటకు 1955లో శంకుస్థాపన జరిగినది. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి నీటిపాలు కానున్నది. పురావస్తు శాఖవారు 1954 మొదలు 1960 వరకు ఆ లోయను త్రవ్వి, దొరికిన శిల్పములను కొండపైకి చేర్చిరి. కొన్ని కట్టడములను రాయి రాయిగా విప్పి మరల కట్టిరి. నీరు నిండగా కొండ ద్వీపమైనది. 1966లో దానిపై మ్యూజియము తెరువబడినది. ప్రదర్శనశాల కాలమునకు తగినట్లు మారుటకు ఇంతకుమించిన నిదర్శనము మన దేశమున అరుదు. కాని అచ్చటికి లాంచీపై పోవలెను. పదునైదేండ్లలోపు పిల్లలకు మ్యూజియమున రుసుము లేకున్నను, ఊరినుండి సాగర్ వరకు బస్సుకును, అక్కడనుండి లాంచీకిని సొమ్ము కావలెను. మాచర్ల ప్రాంతపు కూలివాని కుమారునికి కొండ కంటికి కనబడును, చేతికందదు.

కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాల పిల్లలను ఒక పట్టణపు మ్యూజియమునకు తీసికొని పోతిని. ఆ పట్టణము పేరు చెప్పను. పిల్లలలో ఒకడు కుమ్మరివారి కుఱ్ఱవాడు. అద్దపు బీరువాలో త్రవ్వకములందు దొరికిన మట్టిపాత్రలుండెను. ఒక చిన్న గిన్నెను బోర్లించి యుంచిరి. వాడు మోకాళ్ళపై కూర్చుండి దానినే చూచుచుండెను. ‘మాస్టారూ! దీన్ని సారెమీద నుంచి దారంతో కోశారండి. అడుగున చుట్లు చూడండి. మా తాతా ఇట్లాగే కోస్తాడు’ అనెను. నేను చూచితిని. వ్రేలిముద్రలోని గీతలవలె అడుగున సన్నని వలయములు స్పష్టముగా నున్నవి. రెండువేల యేండ్ల నాటి కుమ్మరి చేయి అక్కడ కదలినట్లు తోచి ఒడలు గగుర్పొడిచెను. ప్రక్కనున్న చీటిలో ఇంగ్లీషున నాలుగు మాటలును, ఒక సంఖ్యయును తప్ప మరేమియు లేదు. ఇంతలో కావలివాడు వచ్చి, ‘అద్దం ముట్టుకోవద్దు, ముందుకు పదండి’ అని అదలించెను. అతని విధి యతడు నెరవేర్చెను, తప్పు పట్టను. కాని ఆనాడు ఆ గదిలో ఆ గిన్నెను గూర్చి అందరికంటె ఎక్కువ తెలిసినవాడు ఆ కుఱ్ఱవాడు. వానినే ముందుకు పొమ్మనిరి.

ఆ చీటిని తెలుగున వ్రాయుటకు ఎంత ధనము కావలెను? కొన్ని సంస్కరణములకు ఖజానా అక్కరలేదు, జ్ఞాపకము చాలును.

మరికొన్నిటికి ధనము కావలసినదే. 2015లో బొంబాయి మ్యూజియమువారు ఒక పెద్ద బస్సును ప్రదర్శనశాలగా మార్చి బడులకు, పల్లెలకు పంపనారంభించిరి. ఒక బ్యాంకు అందులకు తోడ్పడినది. అదే సంవత్సరమున ఢిల్లీలోని జాతీయ మ్యూజియమువారు చూపులేనివారికొరకు ప్రత్యేకశాల తెరచిరి. అచ్చట ప్రసిద్ధ శిల్పముల ప్రతిరూపములను చేతులతో తడవి తెలిసికొనవచ్చును. ఇట్టి బస్సు మన జిల్లాలలో తిరిగినచో ఎట్లుండును? అమరావతి ఫలకపు నమూనా యొకటి, శాతవాహనుల నాణెముల అచ్చులు నాలుగు, ఒక కుమ్మరిసారె, వానిని గూర్చి తెలుగున కథగా చెప్పగల మనిషి యొకడు, ఇంతే చాలును. సంతరోజున సంతలో నిలిపినచో రైతులును చూతురు.

అసలు వస్తువులను వీథులలో త్రిప్పిన పగిలిపోవునని, రక్షణమే ప్రదర్శనశాల మొదటి ధర్మమని ఆక్షేపించువారు కలరు. వారి మాట సత్యము. అందుచేతనే నమూనాలనుచున్నాను. పగిలిన నమూనాను మరల చేయవచ్చును. ఇంకొక మాట. తమవని యెరుగని వస్తువులను జనులు కాపాడరు. పొలము దున్నునపుడు శిల్పము బయటపడినచో, దానిని అధికారులకు చూపువాడును, గట్టుక్రింద రాయిగా వేయువాడును ఆ పల్లెవారే. కొలీన్ మెకంజీ 1797లో అమరావతికి వచ్చునప్పటికే స్తూపపు రాళ్ళు ఇండ్ల కట్టుబడికై తరలిపోవుచుండెను. తరువాత మిగిలినవానిలో కొన్ని చెన్నపట్టణమునకు, కొన్ని సముద్రములు దాటి, పైన జెప్పిన లండను మ్యూజియమునకు చేరినవి. ఆ రాళ్ళను మొదట కదల్చినవారికి అవి ఏమో ఎవరైన చెప్పియుండిరా?

మేము ఆ పట్టణమునుండి తిరిగివచ్చిన పిదప పిల్లలు ఊరకుండలేదు. మా తరగతి మూలనున్న కాళ్ళు విరిగిన బీరువాను బాగుచేసి అందులో వస్తువులు పేర్చిరి. కొలతలకు వాడిన మానిక, సోల, తవ్వ వచ్చినవి. ఒకరు తాళపత్రపు ముక్కను, ఒకరు మోటబానకు కట్టిన తోలుతొండమును తెచ్చిరి. ప్రతి వస్తువునకు, తెచ్చినవారే చీటి వ్రాయవలెనని నియమము చేసికొనిరి. ఆ బీరువాకు తాళము లేదు. ఇంతవరకు పోయినది ఒక్క సోల మాత్రమే. అదియు వారము దినములకు తిరిగివచ్చినది.

కుమ్మరి కుఱ్ఱవాడు రెండవ అరలో ఒక చిన్న వస్తువును పెట్టి దానిముందు ఇట్లు వ్రాసినాడు: ‘ఇది మా తాత చేసిన ప్రమిద. చేతితో తీసి బోర్లించి చూడుడు. అడుగున దారపు గుర్తు కనబడును.’